రష్యన్ కథాసాహిత్యంలో బైబిలు కాలభావన, నిత్యత్వం

పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ నవలల్లోను కథల్లోను కాలాన్ని గురించిన ఆలోచనకు ప్రధానమైన ఆధారాలు బైబిలు, ఆర్థడాక్స్ క్రైస్తవ ఆరాధన. యుగాలు, కల్పాలు మళ్లీ మళ్లీ వచ్చే పౌరాణిక కాలానికి అలవాటుపడిన తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. బైబిలులో కాలం ఆదికాండములోని సృష్టితో మొదలై, ప్రకటన గ్రంథంలోని అంతిమ తీర్పు వైపు ఒకే దారిన సాగుతుంది. దేవుని నిత్యత్వం మాత్రం ఆ దారి చివర మొదలయ్యేది కాదు. 90వ కీర్తనలో వేయి సంవత్సరాలు గడిచిపోయిన ఒక్క దినంతో సమానమైనట్లు, అది మానవుల కొలతలకు లొంగక ప్రతి క్షణంలోనూ ఉంటుంది. రష్యన్ రచయితలను ఎక్కువగా ఆకర్షించింది ఈ రెండో అంశమే.

ఇందులో అగ్రస్థానం ఫ్యోదర్ దొస్తయేవ్‌స్కీ (1821–1881)ది. 1849 డిసెంబరులో పీటర్స్‌బర్గ్‌లో మరణశిక్షకు నిలబెట్టి, ఆఖరి నిమిషాల్లో దాన్ని రద్దుచేసి సైబీరియాకు పంపగా, దారిలో తొబోల్స్క్ పట్టణంలో తనకు అందిన కొత్త నిబంధన ప్రతిని ఆయన చివరిదాకా దగ్గరే ఉంచుకున్నాడు. మరణానికి ముందరి ఆ కొద్ది నిమిషాల అనుభవం ‘ఇడియట్’ (1868–69)లో కథానాయకుడు మిష్కిన్ మాటల్లో వినిపిస్తుంది. ఇక కాలమే ఉండదని ప్రకటన గ్రంథంలో దూత చేసిన ప్రమాణం మూర్ఛకు ముందు వచ్చే మహాస్పష్టతలో తనకు అర్థమవుతుందని అతడు చెబుతాడు. ‘దయ్యాలు’ (1871–72)లో కిరిల్లోవ్ అదే ప్రమాణాన్ని దేవుణ్ణి తొలగించి నమ్ముతాడు, చివరికి ఆత్మహత్య చేసుకుంటాడు.

‘నేరము–శిక్ష’ (1866)లో ఈ భావన మరింత లోతుగా పనిచేస్తుంది. స్విద్రిగైలోవ్ ఊహించిన నిత్యత్వం సాలెపురుగులు నిండిన, మసిపట్టిన ఇరుకు స్నానాల గది. దానికి ఎదురుగా, చనిపోయి నాలుగు రోజులైన లాజరును క్రీస్తు లేపిన ఘట్టాన్ని సోన్యా కథానాయకుడైన రస్కోల్నికోవ్‌కు యోహాను సువార్త నుంచి చదివి వినిపిస్తుంది. ఉపసంహారంలో, సైబీరియా నది ఒడ్డున, అవతలి సంచారజాతుల గుడారాలను చూసిన అతడికి అక్కడ కాలం ఆగిపోయి అబ్రాహాము నాటి రోజులే ఇంకా గడవనట్లు తోస్తుంది. మిగిలిన ఏడేళ్ల శిక్ష ఏడు రోజుల్లా అనిపించడంలో, రాహేలు కోసం యాకోబు చేసిన ఏడేళ్ల కొలువు ధ్వనిస్తుంది. ఈ ఉపసంహారాన్ని అతుకుగా భావించిన విమర్శకులు ఉన్నప్పటికీ, ఈ వెలుగులో చదివితే నవల మొత్తం దానికోసమే నడిచిందని తెలుస్తుంది.

లేవ్ తల్‌స్తోయ్ ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’ (1886)లో ఆఖరి మూడు రోజులు రోగికి కాలమన్నదే లేదు. అతడికి ఒక్క క్షణంలో జరిగిపోయిన మార్పు, చుట్టూ ఉన్నవారికి మరో రెండు గంటల మరణయాతనగా కనిపిస్తుంది. అంతోన్ చేహవ్ ‘విద్యార్థి’ (1894) కొద్ది పేజీల కథే అయినా ఈ వరుసలో మరువరానిది: గుడ్ ఫ్రైడే రాత్రి చలిమంట దగ్గర ఒక విద్యార్థి, పేతురు క్రీస్తును ఎరగనని బొంకిన వృత్తాంతం చెబితే ఒక విధవరాలు కన్నీరు పెడుతుంది; గొలుసు ఒక కొసను తాకితే రెండో కొస కదిలినట్లు, పంతొమ్మిది శతాబ్దాల నాటి సంఘటన తన కాలాన్ని తాకుతోందని విద్యార్థి గ్రహిస్తాడు.

ఈ భావన ఇరవయ్యో శతాబ్దంలోనూ కొనసాగింది. మిఖాయిల్ బుల్గాకోవ్ ‘మాస్టర్–మార్గరీటా’ రచయిత మరణానంతరం 1966–67లో వెలుగు చూసింది. అందులో పిరికితనంతో యేషువాను (యేసును) మరణానికి అప్పగించిన పొంతి పిలాతు, ఆ ఒక్క రోజు తప్పుకు సుమారు రెండు వేల ఏళ్లు వెన్నెల్లో కుక్కతో కూర్చుని ఉంటాడు. అతని కథను రాసిన మాస్టర్ విడుదల మాట పలికాకే అతడు లేచి కదులుతాడు.