ఒకే ఆనకట్ట, రెండు పునాదిరాళ్లు

తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన జరిగి 2025 ఫిబ్రవరి 28 నాటికి ఎనభై ఏళ్లు నిండాయి. కృష్ణకు ప్రధాన ఉపనది అయిన తుంగభద్రను ఎగువ ప్రభుత్వాలు పంచుకున్న తీరు బెజవాడ దిగువ కాలువలకూ తగులుతుంది కనుక, డెల్టా ఆయకట్టుదారులకు సైతం అది గుర్తుంచుకోదగిన తేదీ.

శాతవాహనుల నాటి నుంచి విజయనగర రాజుల వరకు చెరువులు, చిన్న ఆనకట్టలే సేద్యాన్ని పోషించాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా మాగాణిగా విస్తరించిన తరువాత, ఎగువన తలపెట్టే ప్రతి జలాశయమూ దిగువ రైతుకు పట్టింపు అయింది.

మల్లాపురం వద్ద తుంగభద్ర ఎడమ గట్టు నిజాం ఏలుబడిలోని రాయచూరు జిల్లాలోనూ, కుడి గట్టు బ్రిటిష్ మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలోనూ ఉండడంతో, కరువు సీమలకు ప్రాణాధారమైన ఆ జలాశయాన్ని ఏ ఒక్క ప్రభుత్వమూ ఒంటరిగా నిర్మించలేకపోయింది. సుదీర్ఘ చర్చల అనంతరం 1944 జూన్‌లో చెరి 65 టీఎంసీలు, అంటే ఒక్కొక్కరికి 6,500 కోట్ల ఘనపుటడుగులు, వాడుకునేలా ఒడంబడిక కుదిరింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న ఎడమ గట్టున బీరారు యువరాజు, కుడి గట్టున మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ వేర్వేరుగా పునాదిరాళ్లు వేశారు. ఇటుక పొడిని సున్నంతో కలిపిన సుర్ఖీ గారతో రాతికట్టడం రెండు వైపుల నుంచీ లేచి, 1953లో కాలువలకు నీరందించే నాటికి, ఒడంబడిక చేసుకున్న పాలనలు రెండూ చరిత్రలో కలిసిపోయాయి. ఆ ఏడాదే బళ్లారి, 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరి గట్లు రెండూ ఒకే రాష్ట్రానివైనా, అనంతపురం, కర్నూలు, కడప సీమలకు దక్కవలసిన వాటా ఆగిపోలేదు. 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డు ఆనకట్టనూ, ఉమ్మడి కాలువలనూ రాష్ట్రాలన్నింటి తరఫున నేటికీ నిర్వహిస్తోంది. భారత, పాకిస్తాన్‌లు 1960 నాటి సింధు ఒప్పందంలో ఆరు నదులను మూడేసి చొప్పున విడదీసుకోగా, ఇక్కడ నదిని విడదీయకుండా నిర్వహణను ఉమ్మడి చేశారు.

కృష్ణ విషయంలో అంతటి కుదురు ఏర్పడలేదు. నూటికి 75 ఏళ్లలో లభించే 2,060 టీఎంసీలను బచావత్ ట్రిబ్యునల్ 1973లో మూడు రాష్ట్రాలకు పంచింది; పునరుత్పత్తి జలాలతో కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన 811 టీఎంసీలు 2014 విభజన తరువాత తిరిగి వివాదంలో పడి, 2015లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనే తాత్కాలిక సర్దుబాటు మాత్రమే మిగిలింది. 2023 నవంబరు 30న నాగార్జునసాగర్ ఆనకట్టపై ఇరు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా మోహరించారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మాత్రం, తెలుగు నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో కార్మికులు పారుతున్న వరదలోనే తాత్కాలిక గేటు దించి, వారం రోజుల్లో జలాశయాన్ని కాపాడారు.

కాగితంపై అంకెలు ఎంత న్యాయంగా ఉన్నా, తూముల తాళాలు ఉమ్మడి సంస్థ చేతిలో ఉన్నచోటనే పొత్తు నిలుస్తుందని తుంగభద్ర రుజువు చేస్తున్నందున, శ్రీశైలం, సాగర్‌లకూ అటువంటి నిర్వహణ పూర్తిగా అమలు కావాలని కాలువల చివరి దివిసీమ రైతు కోరడం అన్ని విధాలా సమంజసం.