మన బడిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు



కతోలిక బడి అనగానే ఇప్పుడు చాలామంది నోట వచ్చేవి రెండు మాటలు: క్రమశిక్షణ, ఇంగ్లీషు. సిస్టర్ల బడిలో వేస్తే గుంటలు బాగుపడతారు అంటారు. సంతోషమే. కానీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మన బడికి మొదట పేరు తెచ్చినవి ఈ రెండూ కావు. అందుకే ఈసారి కాస్త వెనక్కి వెళ్దాం.

మిషనరీలు రాకముందు ఇక్కడ చదువే లేదనుకోవడం సరికాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టరునూ బడుల లెక్క పంపమన్నాడు. మన ఊళ్ళు అప్పట్లో విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో ఉండేవి. ఆ రెండిట్లోనూ వీధిబడులు వందల్లో తేలాయి. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, తాటాకు మీద రాయించడం, మాట వినని వాణ్ణి కోదండం వేయడం, అదీ ఆనాటి చదువు. అయితే ఆ లెక్కల్లో ఆడపిల్లలు దాదాపు కనిపించరు. చదువు ఆటకత్తెలకే తగినదని తక్కిన ఇళ్ళవారు తలుస్తారని మన్రో 1826లో రాశాడు. ఇక ఊరి చివరి పేటలో పుట్టిన బిడ్డకు ఆ అరుగు మీద చోటు ఎక్కడిది?

1846లో పునీత ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు విశాఖపట్నంలో దిగారు. పియేర్ మరీ మెర్మియే అనే గురువు 1838లో అనెసీ పట్టణంలో ఆ సభను స్థాపించాడు, అదీ పల్లె విచారణల్లో సువార్త బోధించడానికి. మనం వాళ్ళను ఫ్రెంచి ఫాదర్లు అంటాం గాని, వాళ్ళు బయలుదేరే నాటికి అనెసీ ఉన్న సవాయ్ సీమ ఫ్రాన్సులో లేదు, 1860లో కలిసింది. 1847లో విశాఖలో సెయింట్ అలోషియస్ బడి తెరిచారు. 1849లో అనెసీ నుంచే పునీత జోసెఫు సభ మఠకన్యలు యానాం చేరారు. తల్లిదండ్రులు ఆడపిల్లలను నమ్మి పంపగల బడి మన తీరంలో ఏర్పడటానికి ఆ సిస్టర్ల రాక పెద్ద మలుపు.

ఆ రోజుల్లో విశాఖ మిషన్ నాగపూర్ దాకా ఉండేది. గురువులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఒక ఫాదరుగారు ఒక పల్లెకు మళ్ళీ రావడానికి నెలలు పట్టేది. మరి పల్లె బడిని నిలబెట్టింది ఎవరు? ఉపదేశి. పగలు పంతులూ ఆయనే, సందె వేళ జపమాల చెప్పించేదీ ఆయనే. జ్వరం వస్తే కబురు ఆయనకే, అర్జీ రాయాలంటే ఆయనకే. చాలా పేటల్లో ముందు కట్టింది గుడి కాదు, తాటాకుల పాక. వారమంతా బడి, ఆదివారం గుడి. మన దేవాలయాల్లో బిషపులకు, గురువులకు స్మారక ఫలకాలు ఉన్నాయి. ఉపదేశుల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు. ఇది మనకు తగని పని.

చోడంబలి తాగి వచ్చిన గుంటలు ఆ పాకలో ఒకే చాప మీద కూర్చున్నారు. ఒకే గంటకు లేచారు. ఆ తరవాత పేట బయటి పిల్లలూ వచ్చారు. కులం ఆ చాప మీద మాయమైపోయిందని మనం చెప్పుకోకూడదు. ఇంటికి వెళ్ళగానే స్నానం చేయించిన తల్లులూ ఉన్నారు. మిషన్ బడుల్లో బెత్తానికి సెలవేమీ లేదు, సౌమ్యతకు పేరుపడ్డ పునీత ఫ్రాన్సిస్ పేరు పెట్టుకున్నా సరే. కానీ పక్కపక్కన కూర్చోవడం ప్రతి దినం జరిగింది. ప్రభువు ఒక చిన్నబిడ్డను శిష్యుల మధ్య నిలబెట్టిన సంగతి మార్కు సువార్తలో చదువుతాం. మధ్య నిలబెట్టడమంటే ఏమిటో పల్లె బడి అలా చేసి చూపించింది.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా లేఖతో ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు పద్ధతి వచ్చింది. తనిఖీదారు వచ్చి లెక్కలు, చదువు చూస్తాడు, మత బోధ జోలికి పోడు. ఎయిడెడ్ బడి పుట్టుక అదే. స్వతంత్రం తరవాత రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు బడులు నడుపుకునే హక్కు ఇచ్చింది. సర్కారు సాయం తీసుకునే బడిలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా మత బోధకు కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం చెప్పింది. మన పిల్లలు సత్యోపదేశానికి వెళ్తే తక్కినవారు నీతి పాఠానికి వెళ్ళడం అందుకే. ఇది మనం చేసిన రాజీ అని కొందరు విశ్వాసులు నొచ్చుకుంటారు. మేము అలా అనుకోము. పేదలను, ఇంటి ఆదరణ లేనివారిని, మన విశ్వాసం లేనివారిని ప్రత్యేకంగా పట్టించుకోమని 1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యా ప్రకటన కతోలిక బడిని కోరింది. మన బడిలో ఎక్కువమంది అన్యమత కుటుంబాల పిల్లలే ఉంటే, బడి తన పని చేస్తున్నట్టే.

2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతం దగ్గర, శ్రీకాకుళం 62 దగ్గర ఆగింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రానిది 67. కాబట్టి పని ఇంకా ఉంది. గుజరాత్ రేవులకు వేటకు పోయే మత్స్యకారులు, ఊరూరా కూలికి వలసపోయే కుటుంబాలు బిడ్డను ఎక్కడ వదలాలి? బోర్డింగు ఉన్న బడి వాళ్ళకు బడి మాత్రమే కాదు, ఇల్లు.

ఇంతలో 2021 వచ్చింది. ఎయిడెడ్ విద్యాసంస్థలు తమ సిబ్బందిని, వీలైతే ఆస్తులతో సహా, అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం కోరింది. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరుకు సర్కారు మెత్తబడి, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని చెప్పింది. అయినా పదవీ విరమణ చేసిన టీచరు చోట కొత్తవారు రాకపోతే ఎయిడెడ్ అన్న మాట బోర్డు మీదే మిగులుతుంది. అప్పుడు జీతం ఫీజులోంచి రావాలి, లేదా మనలోంచి రావాలి. ఫీజులోంచి వస్తే ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఫీజే తేలుస్తుంది. ఇంగ్లీషు మీడియం బస్సు పేటకు వచ్చి కొందరిని ఎక్కించుకుపోతుంది, తక్కినవారు తెలుగు బడిలో ఉండిపోతారు. ఒకే చాప రెండుగా చిరిగిపోతుంది.

విచారణ పండుగకు మైకు సెట్లకు, బాణసంచాకు ఎంత ఖర్చవుతుందో మన పెద్దల దగ్గర లెక్క ఉంది. వచ్చే సంఘ సమావేశంలో ఆ లెక్క పక్కనే ఒక టీచరమ్మ ఏడాది జీతం, పదిమంది బోర్డింగు పిల్లల బియ్యం ఖర్చు కూడా రాసి తీసుకురమ్మని పెద్దలను కోరుతున్నాం.