కాఫీశాలలో స్వేచ్ఛావాక్కు

లండనులో నొకప్పుడు కాఫీశాలను చూచి రాజే జంకెను. 1652లో నచ్చట తొలి కాఫీశాల వెలసినది. పెన్నీ యొక్కటి చెల్లించిన చాలును, ప్రభువైనను బేహారియైనను ఒకే బల్లయొద్ద కూర్చుండి లోకవార్తలు ముచ్చటింపవచ్చును. 1674లో అచ్చైన యొక పద్యనియమావళి యున్నది. గొప్పవాడు వచ్చెనని యెవరును లేచి చోటీయనక్కఱలేదు. ఒట్టు పెట్టినవాడు పన్నెండు పెన్నీలు చెల్లింపవలెను. కలహము రేపినవాడు అందఱికిని కాఫీ యిప్పింపవలెను. రాజ్యవ్యవహారముల నగౌరవముగ మాటాడరాదనియు నందే కలదు; దాని నెందఱు పాటించిరో! గోష్ఠిలో స్త్రీలకు మాత్రము చోటులేదు.

ప్రభుత్వముపై అపవాదులు పుట్టుచున్నవని రెండవ చార్లెసు 1675 డిసెంబరు 29న వీనిని మూయ శాసించెను. జనులు గగ్గోలుపెట్టిరి. 1676 జనవరి 10న అమలు కావలసిన యాజ్ఞ రెండునాళ్ళు ముందే వెనుకకు మఱలెను. అయినను, అపవాదపత్రములను లోనికి రానీయమని యజమానులు పూచీ వ్రాసి యీయవలసివచ్చెను.