‘ఫానా’ అంటే ‘ఫనా’ కాదు: జంతుజాలం అనే మాట వెనుక కథ

పిల్లలు సోషల్ పుస్తకం తీసి ‘ఫ్లోరా అండ్ ఫానా’ అని గట్టిగా చదువుతుంటే, పక్కనే ఉన్న దాదీమా ఉలిక్కిపడి “క్యా ఫనా హువా బేటా?” అని అడిగినా ఆశ్చర్యం లేదు. ఉర్దూలో ‘ఫనా’ అంటే నశించిపోవడం. పుస్తకంలోని ‘ఫానా’కు దానితో చుట్టరికం లేదు. కొన్ని పత్రికలు దీన్నే ‘ఫౌనా’ అని కూడా రాస్తాయి.

అర్థం

ఒక ప్రాంతంలో, లేదా ఒక కాలంలో సహజంగా జీవించే జంతువులన్నిటినీ కలిపి చెప్పే మాట ఫానా. తెలుగులో ‘జంతుజాలం’, ఉర్దూలో ‘హైవానాత్’ అంటారు. దాని జంట పదం ఫ్లోరా. అది తెలుగులో ‘వృక్షజాలం’, ఉర్దూలో ‘నబాతాత్’.

ఎక్కడి నుంచి వచ్చింది?

పాత రోమన్ల నమ్మకాల్లో పొలాలకు, అడవులకు, పశువుల మందలకు ఫానస్ అనే దేవుడు ఉండేవాడు. ఫానా అతనికి సంబంధించిన దేవత పేరు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1746లో తమ దేశపు జంతువుల మీద రాసిన పుస్తకానికి ‘ఫానా స్వేసికా’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఈ మాట శాస్త్రంలో స్థిరపడింది.

మన భాషల్లోని మాటలు చూడండి. ‘హైవాన్’ అరబ్బీ పదం. ‘హయాత్’ పుట్టిన ధాతువు నుంచే వచ్చింది, అంటే ప్రాణమున్నది. ‘జాన్వర్’ ఫారసీ: జాన్ గలది. ‘జంతువు’ సంస్కృతం: పుట్టినది. మూడింట్లోనూ తిట్టు అనేదే లేదు. కోపంలో మనిషిని ‘హైవాన్’ అనడం మనం తర్వాత నేర్చుకున్నదే. బస్రాకు చెందిన అల్ జాహిజ్ 9వ శతాబ్దంలోనే జంతువుల మీద ‘కితాబుల్ హయవాన్’ అనే పెద్ద గ్రంథం రాశాడు.

ఎలా వాడాలి?

‘జాలం’ అంటే వల, గుంపు అని రెండర్థాలు. కాబట్టి ఇది సమూహాన్ని చెప్పే మాట. “అడవిలో ఒక జంతుజాలం కనిపించింది” అంటే తప్పు. “నల్లమల జంతుజాలంలో పులి, చిరుత, ఎలుగుబంటి ఉన్నాయి” అంటే సరైనది.

మరో పొరపాటు, నాలుగు కాళ్ళవే జంతుజాలం అనుకోవడం. పక్షులు, పాములు, చేపలు, కప్పలు, సీతాకోకచిలుకలు, చీమలు అన్నీ ఇందులోకే వస్తాయి. ఇంట్లో పెంచే మేకలు, కోళ్ళను మాత్రం సాధారణంగా ఇందులో లెక్కించరు. చెట్లను కూడా కలిపి చెప్పాలంటే ‘జీవజాలం’ అనాలి.

కాలానికీ వాడొచ్చు. హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న కోటాసారస్ అస్థిపంజరం పాత ఆదిలాబాద్ జిల్లాలో దొరికింది. అది జురాసిక్ కాలపు జంతుజాలానికి చెందినది.

మాట ఎందుకు ముఖ్యం?

ప్రాంతం పేరుతో కలిపి చెప్పే మాట కాబట్టి, ఏ జీవి ఎక్కడిదో ఇది గుర్తు చేస్తుంది. కడప జిల్లా కలివికోడినే తీసుకోండి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఈ పక్షి 1900 ప్రాంతం తర్వాత కనపడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో స్థానికుల సాయంతో మళ్ళీ దొరికింది. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగు గంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. అది బతికే ముళ్ళపొదలు పోతే పక్షీ పోతుంది. ఒక జీవి అక్కడి జంతుజాలంలోంచి తప్పిపోతే మరోచోటి నుంచి తెచ్చుకోలేం. దాదీమా విన్న ‘ఫనా’ అప్పుడు నిజమవుతుంది.

ఈ ఆదివారం పిల్లలతో చిన్న పని చేయించండి. మీ వీధిలో కనిపించే పది జీవుల పేర్లు రెండు భాషల్లోనూ రాయమనండి. ఉడుత, గిలహరీ. ముంగిస, నేవ్‌లా. తొండ, గిర్గిట్. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, నీల్‌కంఠ్. పేరు గుర్తు రాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగమనండి. ఆ జాబితాయే మీ వీధి జంతుజాలం.