భద్రాద్రి అడవి సీమలో అతిథి ధర్మం



భద్రాద్రి రాముని దర్శనం చేసుకొని, గోదావరిలో స్నానమాడి, పర్ణశాల చూసి తిరుగు ప్రయాణమయ్యే భక్తులే నిన్న మొన్నటి దాకా ఎక్కువ. ఇటీవలి కాలంలో మరొక కోరిక కూడా భక్తులలో కనబడుతున్నది. కొండల నడుమ ఉన్న కోయ గూడేలలోనో, కొండరెడ్ల పల్లెలలోనో ఒక రాత్రి గడపాలని, వారి ఇంటి అన్నం తినాలని, వారి వాకిట్లో పడుకొని అడవిని వినాలని అడుగుతున్నారు. దీనికి ‘హోం స్టే’ అని పేరు పెట్టారు. పేరు కొత్తది గాని, పని కొత్తది కాదు. ఈ సీమకు వచ్చిన ప్రతివారూ ఏదో ఒక కాలంలో ఈ అడవి బిడ్డల ఇంట అతిథులైనవారే.

అతిథిని దేవునిగా భావించమని తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి గృహస్థుకు ఉపదేశించింది. ఆ మాటను మనం సభలలో, పెళ్లిళ్లలో, ఇప్పుడు పర్యాటక శాఖల గోడ ప్రకటనలలో కూడా వింటున్నాము. అయితే ఆ ఉపదేశం ఇంటి యజమానికి. వచ్చినవాడు ఎలా ఉండాలి? ఎంత తీసుకోవాలి? ఎప్పుడు లేచి వెళ్లాలి? ఆ సగాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. ఈ సీమ చరిత్ర ఆ సగాన్ని గురించే ఎక్కువగా చెబుతున్నది.

మొదట శ్రీమద్రామాయణం వైపు చూద్దాము. గంగాతీరాన శృంగిబేరపురంలో నిషాదరాజైన గుహుడు స్వామికి ఎదురువచ్చాడు. భక్ష్యభోజ్యాలు తెచ్చాడు, శయ్యలు తెచ్చాడు, రాజ్యమే నీదన్నాడు. వాల్మీకి మహర్షి ఈ ఘట్టాన్ని చెప్పిన తీరు గమనించదగినది. రాముడు గుహుని గట్టిగా కౌగిలించుకొన్నాడు. నీవు కాలినడకన ఎదురువచ్చి చూపిన స్నేహమే నాకు సత్కారమన్నాడు. తాపసవ్రతంలో ఉన్నవాడు కనుక తెచ్చిన పదార్థాలను స్వీకరించలేదు. రథానికి కట్టిన గుర్రాలు తండ్రిగారికి ఇష్టమైనవి, వాటికి మేత పెట్టించు చాలునన్నాడు. లక్ష్మణుడు తెచ్చిన నీళ్లు త్రాగి, గారచెట్టు క్రింద నేలమీద పవళించాడు. ఇచ్చేవాడు రాజ్యమంతా ఇస్తానన్నప్పుడు, పుచ్చుకొనేవాడు గుర్రాలకు పిడికెడు గడ్డి అడిగాడు. ఇచ్చేవాని మనస్సు నొచ్చుకోలేదు.

అరణ్యకాండలో మరొక సంగతి కలదు. దండకారణ్యంలో స్వామి పదేళ్ల కాలం మునుల ఆశ్రమాలలో గడిపాడు. ఒకచోట పది నెలలు, ఒకచోట ఏడాది, మరొకచోట నాలుగు నెలలు, ఇంకొకచోట ఆరు నెలలు అని కవి లెక్క చెప్పాడు. అంటే రామాయణంలో పెద్ద భాగం కాలం స్వామి ఇతరుల ఇంట అతిథిగానే ఉన్నాడన్నమాట. కథ వేగంగా నడుస్తుంది కనుక మనకు ఆ పదేళ్లు కంటికి ఆనవు. ఆ దండకారణ్యంలోనిదే మన సీమ అని, పర్ణశాలయే పంచవటి అని స్థలసంప్రదాయం. నాసిక్ వారికి వారి సంప్రదాయం ఉన్నది. ఆ వివాదంలోకి మనం పోనక్కరలేదు. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నదికి శబరి అని పేరు పెట్టుకొన్న ప్రజల మనస్సు ఎటువంటిదో చూస్తే చాలు. శబరి పండ్లు రుచి చూసి ఇచ్చిందన్న మాట వాల్మీకంలో లేదు. ఆమె అడవిలో ఏరి దాచిన ఆహారాన్ని సమర్పించిందని మాత్రమే ఉన్నది. తరువాతి భక్తులు ఆ ఎంగిలిని చేర్చి, ఆతిథ్యంలో ప్రేమ ఎంతవరకు పోగలదో చెప్పారు. రెండూ మనకు పూజ్యాలే.

ఇక భద్రాద్రి విషయం. భద్రగిరిమీద పుట్టలో వెలసిన స్వామిని కనుగొన్నది పోకల దమ్మక్క అనే అడవి స్త్రీ అని స్థలపురాణం చెబుతున్నది. స్వప్నంలో స్వామి ఆనతి అయినదట. ఆమె గోదావరి నీళ్లు తెచ్చి పోసి పుట్టను కరిగించినదట. పైన పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టినదట. కంచెర్ల గోపన్న విషయం వేరు. నేలకొండపల్లి వాడు, పాల్వంచ పరగణాకు తహసీలుదారు, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా కాలం వాడు, అంటే క్రీస్తుశకం పదిహేడవ శతాబ్దం వాడు. ఆయన చరిత్రకు కాలం, కొలువు, చెరసాల ఉన్నాయి. దమ్మక్క చరిత్రకు జనుల నోటి మాటే ఆధారం. అయినా వరుసలో ముందు వచ్చేది ఆమెయే. గోపన్న రాతి గుడి కట్టకముందు భద్రాద్రి రాముడు ఒక గిరిజన స్త్రీ వేసిన ఆకుల పందిరిలో ఉన్నాడు. ఈ క్షేత్రంలో భగవంతుడే మొదటి అతిథి. ఆ ఇంటివారు ఈ కొండలవారు. దేవస్థానం దమ్మక్క పేర సేవాయాత్ర జరిపి, ఆ రోజున గిరిజనులను ఆహ్వానించి గౌరవించడం ఎంతైనా యుక్తం. మిగిలిన రోజులలో వారికి మనం ఏమిచ్చామన్నది ఎవరికి వారు అడుగుకోవలసిన మాట.

ఎందుకంటే ఈ సీమకు వచ్చిన అతిథులందరూ గడ్డి పిడికెడు అడిగినవారు కారు.

ఇక్కడ కొంత భూగోళం చెప్పుకోవాలి. 1860లో నిజాం ప్రభుత్వం భద్రాచలం వైపు ఉన్న తాలూకాలను ఆంగ్లేయులకు అప్పగించినది. 1874లో అవి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరాయి. ఆవలి గట్టు పాల్వంచ వైపు నిజాం ఏలుబడిలోనే ఉండిపోయినది. నది ఒకటి, ప్రభుత్వాలు రెండు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసిన తరువాతనే రెండు గట్లూ ఒక జిల్లా అయినవి. 1965లో గోదావరిపై వంతెన వచ్చిన తరువాత యాత్ర సులభమైనది. అంతకు ముందు పడవలే, కాలిబాటలే.

ఆ బాటలవెంట అధికారి వచ్చేవాడు. అటవీ ఉద్యోగి కావచ్చు, రెవెన్యూ ఉద్యోగి కావచ్చు. ఆయన మకాం పడితే బియ్యం, కోళ్లు, కట్టెలు, మూటలు మోసే మనుషులు ఊరే సమకూర్చవలసి వచ్చేది. దీనిని ఆతిథ్యం అనరు, వెట్టి అంటారు. గుమ్మంలో నిలబడ్డవాడు ఒక్కడే, అడిగే వస్తువులూ అవే, కాని లేదనే అధికారం ఇంటివానికి లేనప్పుడు దాని పేరు మారిపోతుంది. తరువాత వర్తకుడు వచ్చేవాడు. ఉప్పు తెచ్చేవాడు, గుడ్డ తెచ్చేవాడు. అరుగుమీద కూర్చొని అంబలి త్రాగేవాడు. ఆ ఏడు అప్పు ఇచ్చేవాడు, మరుసటి ఏడు వడ్డీ, కొన్నేళ్లకు పొలం ఆయనది. ఇది ఎక్కడో ఒకచోట జరిగిన ముచ్చట కాదు. దీనిని అరికట్టడానికే మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాలలో వడ్డీలను, భూముల బదిలీని కట్టడి చేస్తూ చట్టం తెచ్చినది. స్వాతంత్ర్యం తరువాత 1959లో మరొక నిబంధన వచ్చినది, అది 1963లో తెలంగాణ గిరిజన ప్రాంతాలకు విస్తరించినది. చివరకు 1970లో వచ్చిన సవరణ షెడ్యూల్డు ప్రాంతాలలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా నిషేధించినది. దానినే ఇక్కడివారు ‘ఒన్ ఆఫ్ సెవంటీ’ అంటారు. మూడుసార్లు చట్టం చేయవలసి వచ్చినదంటే, అరుగుమీద కూర్చొని లేవని అతిథులు ఎంతమందో ఊహించుకోవచ్చు. వెళ్లిపోయేవాడే అతిథి.

ఇందుకు భిన్నంగా వచ్చినవారూ ఉన్నారు. గోదావరి కుడిగట్టున, పాపికొండలకు పైన, పేరంటపల్లి అనే చిన్న కొండరెడ్ల ఊరు కలదు. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన బాలానందస్వామివారు అక్కడ శ్రీరామకృష్ణ మునివాటం స్థాపించి, ఆ కొండల ప్రజల నడుమ తపస్సు చేసుకొంటూ ఉండిపోయారు. ప్రక్కనే సెలయేరు, ఎదుట నది. లాంచీలో దిగిన యాత్రికులు అక్కడ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఎవరూ చెప్పకుండానే అలా జరుగుతుంది.

1941 ప్రాంతంలో ఆ కొండలకే మరొక అతిథి వచ్చాడు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. రెండవ ప్రపంచయుద్ధం ఆరంభం కాగానే ఆయన ఆంగ్ల ప్రభుత్వం దృష్టిలో శత్రుదేశీయుడయ్యాడు. నిజాం రాజ్యంలో ఉండి పరిశోధన సాగించుకొనే అవకాశం ఆయనకు లభించినది. అడవిలో చెంచుల నడుమ, తరువాత ఈ కొండరెడ్ల నడుమ మకాం చేసి, వారు ఏమి తింటారో, ఏ చెట్టుకు ఎప్పుడు మ్రొక్కుతారో, పోడు ఎలా నరుకుతారో వ్రాసుకొన్నాడు. 1945లో కొండరెడ్లమీద ఆయన గ్రంథం వెలువడినది. నది ఒడ్డున కలప, వెదురు గుత్తేదారుల చేతిలో ఈ ప్రజలు పడుతున్న బాధలను కూడా ఆయన దాచలేదు. తరువాత నిజాం ప్రభుత్వానికి గిరిజన విషయాలలో సలహాదారుగా పనిచేశాడు. పరదేశి, పరమతస్థుడు. అయినా తిన్న ఇంటి కష్టాన్ని ప్రభుత్వం చెవిన వేశాడు. ఆ ఒక్క గుణానికి ఆయన పేరు మన ప్రవచనంలో చెప్పుకోవచ్చునని మా అభిప్రాయం.

ఇక నేడు ఈ పల్లెలకు వెళ్లదలచిన భక్తులు కొన్ని సంగతులు తెలుసుకొని వెళ్లడం మంచిది. కోయలు, కొండరెడ్లు ఒకరు కారు. కోయలకు ప్రత్యేకమైన భాష కలదు, కొండరెడ్లు మాట్లాడేది తెలుగే. ఇండ్లు తడికెల గోడలు, మట్టి పూత, గడ్డి కప్పులతో చిన్నవిగా ఉంటాయి. ఇప్పుడు రేకులూ, సిమెంటూ వచ్చాయి. ఇంటిలోపల పెద్దలకు, ఇంటిదేవతకు కేటాయించిన చోటు ఉంటుంది. మన పూజగది వంటిదే అది. పిలవనిదే గడప దాటరాదు. సొరబుర్రలో నీళ్లు ఇస్తారు. జొన్న అంబలి ఇస్తారు. ఎండాకాలం చివర, గింజలు అయిపోయిన రోజులలో మామిడి టెంకల పిండితో, జీలుగు దవ్వతో కడుపు నింపుకొన్న తరాలు వారివి. కనుక పళ్లెంలో పెట్టిన అన్నం ఆ ఇంటి ఎన్ని రోజుల గింజలో మనకు తెలియదు. విడిచిపెట్టరాదు, మరల మరల అడగరాదు.

మరొక నియమం మాకు చాలా నచ్చినది. కొత్త పంట గాని, కొత్త పండు గాని పండుగ చేసి దేవతకు నివేదించనిదే వారు నోట పెట్టరు. మామిడి పండుగ కాకముందు చెట్టు నిండా కాయలు వ్రేలాడుతున్నా చేయి చాచరు. పట్నం నుంచి వెళ్లిన పిల్లవాడు రాయి విసిరి కాయ పడగొడితే ఆ ఇంటివారు ఏమీ అనరు. అతిథి కదా. వారు ఊరుకొన్నారు కనుక తప్పులేదని మాత్రం మనం అనుకోరాదు. నివేదన చేయని పదార్థం భుజించరాదని మనం చెప్పుకొనే నియమమే అది, వారు నిష్ఠగా పాటిస్తున్నారు. ఫొటో తీయదలచినవారు ముందు అడగాలి. డబ్బు ఇవ్వడంలో సంకోచం అక్కరలేదు. ఇది ఇప్పుడు వారికి జీవనోపాధి కూడా. ఆ సొమ్ము నడుమనున్న ఏజెంటు జేబులో కాక ఇంటి ఇల్లాలి చేతిలో పడుతున్నదో లేదో చూసి ఇవ్వాలి.

పోచవరం రేవునుంచి పాపికొండలకు పోయే లాంచీలు, కొల్లూరు ఇసుకతిన్నెలమీద వెదురు గుడిసెలలో రాత్రి బస, ఇవన్నీ ఈ సీమను లోకానికి పరిచయం చేశాయి. ఎందరో భక్తులు వెన్నెలలో గోదావరి చూసి ధన్యులమయ్యామన్నారు. అయితే ఆ తిన్నెలు, ఆ పల్లెలు ఎన్నాళ్లు ఉంటాయన్నదే నేటి ప్రశ్న.

దిగువన పోలవరం వద్ద కడుతున్న ఆనకట్ట పూర్తి నీటిమట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. దాని ముంపులో 370కి పైగా జనావాసాలు, లక్షకు పైగా కుటుంబాలు ఉన్నాయి. వారిలో గిరిజనులే ఎక్కువ. ఆ కారణంగానే 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగిలిన భాగం, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. స్వామి తెలంగాణలో ఉన్నాడు, పురుషోత్తపట్నంలోని స్వామివారి మాన్యం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. దేవునికే రెండు రాష్ట్రాలైనవి. పొలాలకు నీళ్లు రావలసినదే, దిగువ డెల్టా రైతు కూడా మనవాడే. కాని అందరికీ వాకిలి తెరిచిన ఇండ్లే ఖాళీ అవుతున్నప్పుడు, ఆ వాకిళ్లలో కూర్చొని వచ్చిన మనం మరొకవైపు చూడగలమా? పునరావాస కాలనీలలో ఇల్లు ఇస్తారు. అడవి, ఏరు, మామిడితోపు, కొలుపు చేసుకొనే దేవతల చెట్టు ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన విహారపు బోటు ఒకటి కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగినది. ఒడ్డున ఉన్న గిరిజన గ్రామస్థులు అది చూశారు. ఎవరి ఆజ్ఞా లేదు, ఎవరి పిలుపూ లేదు. తమ పడవలు వేసుకొని సుడిలోకి పోయి, నీటిలో కొట్టుకొంటున్నవారిని పైకి లాగారు. ఆ రోజున 26 మంది ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. ఆ కచ్చులూరు పోలవరం ముంపు గ్రామాలలో ఒకటి.