పైపు అతుకుల దృశ్య తనిఖీ

పైపు అతుకుల దృశ్య తనిఖీ అనేది వెల్డింగు గానీ జిగురు గానీ వాడకుండా మరలు, బోల్టులు, రబ్బరు వలయాలు, నొక్కుడు పట్టీల సాయంతో కలిపిన గొట్టాలు సరిగా కూర్చున్నాయా లేదా అన్న సంగతిని, వాటిని మట్టితోనో గోడతోనో కప్పకముందే కంటితోను, చిన్నపాటి కొలత పనిముట్లతోను నిర్ధారించే పద్ధతి. ఇలా కలిపిన అతుకులను యాంత్రిక అతుకులు అంటారు. వీధి కింద సాగే తాగునీటి గొట్టాలు, ఇంటి కొళాయిల గొట్టాలు, ఎత్తయిన భవనాల్లోని అగ్నిమాపక గొట్టాలు, సముద్రపు నీటి నుంచి ఉప్పును వేరుచేసే కర్మాగారాల పైపులు అన్నీ చాలా చోట్ల ఈ అతుకుల మీదే ఆధారపడతాయి. దూరపు చెరువుల నుంచి, నదుల నుంచి, సముద్రం నుంచి నీరు తెచ్చుకునే చెన్నై నగరంలో ఈ తనిఖీ ప్రజారోగ్యానికి, నీటి పొదుపుకు నేరుగా సంబంధించిన విషయం.

చెన్నైలో నేపథ్యం

రెడ్‌హిల్స్ (పుళల్) చెరువు నీటిని కాలువ ద్వారా కీల్పాక్‌కు చేర్చి, అక్కడి నుంచి గొట్టాల ద్వారా మద్రాసు నగరానికి అందించే ఏర్పాటు 1872లో మొదలైంది. ఆ నీటిని ఇసుక పొరల గుండా నెమ్మదిగా వడగట్టి పంపే కీల్పాక్ నీటి కేంద్రం 1914లో పనిలోకి వచ్చింది. ఆ కాలపు పోత ఇనుప గొట్టాలను కలిపేటప్పుడు ఒక గొట్టం వెడల్పు మూతిలోకి మరో గొట్టం కొసను దూర్చి, మధ్యనున్న సందులో జనపనార తాడు కుక్కి, దానిపై కరిగిన సీసం పోసి, చల్లారాక ఉలితో చుట్టూ కొట్టి బిగించేవారు. సీసం అంచు చుట్టూ ఒకే తీరుగా, పగుళ్లు లేకుండా, మూతి అంచుతో సమంగా ఉందో లేదో చూడటమే ఆనాటి తనిఖీ.

తర్వాతి కాలంలో నగరం పెరిగిన కొద్దీ నీటి వనరులూ పెరిగాయి. పూండి జలాశయం 1944లో వచ్చింది. 1978 చట్టం ద్వారా చెన్నై మహానగర నీటి సరఫరా, మురుగునీటి మండలి ఏర్పడింది. జనం దీన్ని మెట్రో వాటర్ అంటారు. తెలుగు గంగ పథకం కింద కండలేరు నుంచి కృష్ణా జలాలు 1996లో పూండికి చేరాయి. వీరాణం చెరువు నుంచి రోజుకు 18 కోట్ల లీటర్లు తెచ్చే పథకం 2004లోను, మింజూరులో రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యం గల ఉప్పునీటి శుద్ధి కర్మాగారం 2010లోను, నెమ్మేలిలో అంతే సామర్థ్యం గలది 2013లోను మొదలయ్యాయి. ఇంత దూరం నుంచి, ఇంత ఖర్చుతో వచ్చిన నీరు చివరికి వినియోగదారుడి ఇంటికి చేరేది వేలాది అతుకులు దాటుకునే.

ప్రస్తుతం వీధి గొట్టాలుగా సాగే గుణం గల డక్టైల్ ఇనుప గొట్టాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. చెన్నైకి ఉత్తరాన, శ్రీకాళహస్తి దగ్గరి రాచగున్నేరిలో ఈ గొట్టాల కర్మాగారం ఉంది. వీటిలో సీసం స్థానాన్ని రబ్బరు వలయం తీసుకుంది. సీసపు అతుకులో బిగింపు బయటికి కనిపించేది. రబ్బరు వలయం మాత్రం మూతి లోపల దాగి ఉంటుంది. తనిఖీ స్వభావమే ఇక్కడ మారిపోయింది. లోపలి స్థితిని బయటికి తెలిపే గుర్తులను ముందుగానే పెట్టుకోవలసిన అవసరం ఏర్పడింది.

తనిఖీ ఎందుకు ముఖ్యం

నగరంలోని అనేక ప్రాంతాలకు నీరు రోజంతా రాదు, నిర్ణీత వేళల్లోనే వస్తుంది. నీరు వచ్చే వేళ వదులైన అతుకు నుంచి తాగునీరు బయటికి పోతుంది. సరఫరా ఆగి గొట్టంలో ఒత్తిడి పడిపోయినప్పుడు అదే సందు గుండా చుట్టూ ఉన్న నీరు లోపలికి వస్తుంది. పక్కనే మురుగు కాలువ కారుతున్నా, ఈశాన్య రుతుపవనాల కాలంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీధుల్లో నీరు నిలిచినా, లోపలికి చేరేది కలుషిత జలమే. కాబట్టి వదులైన అతుకు వల్ల నీటి నష్టంతో పాటు రోగాలు వచ్చే ముప్పు కూడా ఉంటుంది.

రెండో కారణం సాంకేతికమైనది. గొట్టాలు వేసిన తర్వాత నీరు నింపి, సాధారణంగా పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. ఈ పరీక్ష తప్పనిసరి అయినా దానితోనే అంతా తేలిపోదు. సగం మాత్రమే లోపలికి వెళ్లిన గొట్టం, నొక్కడం మరిచిపోయిన పట్టీ, సగం బిగించిన నట్టు పరీక్ష జరిగే ఆ కొద్ది గంటలు నీటిని ఆపి ఉంచగలవు. ఆ తర్వాత మోటారు నడిచి ఆగినప్పుడల్లా వచ్చే ఒత్తిడి దెబ్బలకు, పైన వాహనాల కదలికకు, ఎండకు సాగి చలికి ముడుచుకునే మార్పులకు అతుకు కొద్దికొద్దిగా జారి, చివరికి ఊడిపోతుంది. అందువల్ల ఒత్తిడి పరీక్ష నీరు కారుతోందా అన్న ప్రశ్నకు జవాబిస్తే, దృశ్య తనిఖీ అతుకు సరిగా కూర్చుందా అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. ఒకదాని బదులు మరొకటి చాలదు.

వెలుగు, దూరం, కోణం

పదార్థాన్ని పాడుచేయకుండా జరిపే పరీక్షల్లో దృశ్య పరీక్ష మొట్టమొదటిది. ఈ రంగానికి చెన్నైతో గట్టి సంబంధం ఉంది. అటువంటి పరీక్షల నిపుణుల జాతీయ సంఘమైన భారత నాన్‌ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ సొసైటీ ప్రధాన కార్యాలయం గిండీలో ఉంది. నగరానికి దక్షిణాన కల్పాక్కంలో 1971లో స్థాపితమైన అణు పరిశోధన కేంద్రం ఈ విద్యను ఎంతో అభివృద్ధి చేసింది. ఒత్తిడి పాత్రలకు, గొట్టాలకు ప్రపంచమంతటా వాడే అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘపు నియమావళి ప్రకారం, చూసే కన్ను పరిశీలించే భాగానికి 600 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, చూపు ఆ తలానికి 30 డిగ్రీలకు తగ్గని కోణంలో పడాలి, వెలుగు కనీసం 1000 లక్సులు ఉండాలి. నేరుగా చూడటానికి వీలులేని వెనుక భాగాన్ని అద్దంతో చూస్తారు. వీధి కందకంలోనూ, మెట్ల కింది షాఫ్టులోనూ పగటి వెలుగు ఇంతగా ఉండదు గనుక చేతి దీపం ఈ పనికి అలంకారం కాదు, అవసరం.

తనిఖీ క్రమం

అతుకు ఏ రకానిదైనా తనిఖీ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. గొట్టం చేరవలసినంత లోపలికి చేరిందా? రెండు గొట్టాలు సూటిగా ఉన్నాయా? బిగింపు చుట్టూ ఒకే తీరుగా ఉందా? మొదటి ప్రశ్నకు జవాబు అతుకు పూర్తయ్యాక దొరకదు, ఎందుకంటే అప్పటికి కొస మూతిలో దాగిపోతుంది. కాబట్టి కలపకముందే మూతి లోతు కొలిచి, గొట్టం మీద అంతే దూరంలో చెరగని గీత గీస్తారు. దీన్నే చొప్పింపు గుర్తు అంటారు. కలిపిన తర్వాత ఆ గీత మూతి అంచు దగ్గర ఉంటే లోతు సరిపోయినట్టు. దూరంగా ఉంటే చాలనట్టు. గీత లేని అతుకును చూసి బాగుందని చెప్పడం ఊహే తప్ప తనిఖీ కాదు.

అతుకుల రకాలు, చూడవలసిన గుర్తులు

రబ్బరు వలయపు అతుకు. డక్టైల్ ఇనుప గొట్టం కొస మీద సాధారణంగా రెండు తెల్ల గీతలు ఉంటాయి. గొట్టాన్ని లాగి కూర్చోబెట్టాక మొదటి గీత మూతిలోకి వెళ్లి కనబడకుండా పోవాలి, రెండోది మూతి అంచును ఆనుకొని బయట కనిపించాలి. పని స్థలంలో గొట్టాన్ని కోస్తే ఆ గీతలు కోసిన ముక్కతో పోతాయి గనుక కొత్త కొసను ఏటవాలుగా అరగదీసి, గీతలు మళ్లీ గీయాలి. అరగదీయని పదునైన అంచు రబ్బరును కోసేస్తుంది. ఆ తర్వాత పలుచని లోహపు పట్టీని మూతికీ గొట్టానికీ మధ్య సందులో దూర్చి, రబ్బరు తగిలే లోతును చుట్టూ అనేక చోట్ల కొలుస్తారు. అన్ని చోట్లా లోతు ఒకటే అయితే వలయం సరిగా ఉంది. ఒక చోట పట్టీ ఎక్కువ లోపలికి దిగితే అక్కడ వలయం తన గాడి నుంచి జారిందని అర్థం, ఆ అతుకును విప్పి మళ్లీ వేయాలి. ట్రిప్లికేన్, రాయపురం వంటి సముద్ర తీర ప్రాంతాల్లో కందకం తవ్వగానే అడుగున నీరు ఊరుతుంది. ఆ నీటితో వచ్చే ఇసుక రేణువు రబ్బరు కింద చిక్కితే అదే సన్నని దారి అవుతుంది కాబట్టి మూతిని, వలయాన్ని, కొసను తుడిచిన తర్వాతే కలపాలి. గొట్టాన్ని మలుపు తిప్పవలసి వస్తే ముందు సూటిగా కలిపి తర్వాతే వంచాలి. చిన్న వ్యాసపు గొట్టాలకు సుమారు 5 డిగ్రీల వరకు వంపు అనుమతిస్తారు, వ్యాసం పెరిగే కొద్దీ ఇది తగ్గుతుంది. అయిదున్నర మీటర్ల గొట్టం 5 డిగ్రీలు తిరిగితే దాని రెండో కొస దాదాపు 48 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది; కందకంలో టేపు పట్టి ఈ జరుగుబాటును కొలిస్తే వంపు హద్దులో ఉందో లేదో తెలిసిపోతుంది.

మర అతుకు. ఇళ్లలోని జి.ఐ. పైపులు, కొళాయిలు, నిపిళ్లు, యూనియన్లు మరలతో కలుస్తాయి. గొట్టం మీది మర కొస వైపు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి బిగించిన కొద్దీ గట్టిపడుతుంది. బిగింపు పూర్తయ్యాక రెండు మూడు మరలు బయట కనిపించడం మంచి గుర్తు. అంతకంటే ఎక్కువ కనిపిస్తే పట్టు చాలలేదు. ఒక్కటీ కనిపించకపోతే మర ఎక్కువ లోతుగా కోసి ఉండవచ్చు, లేదా ఎక్కువ బలం వాడి సాకెట్టును పగులగొట్టి ఉండవచ్చు. ఇత్తడి మర ఉన్న ప్లాస్టిక్ ఎల్బోలను, టీలను సన్నని పగుళ్ల కోసం ప్రత్యేకంగా చూడాలి. టెఫ్లాన్ టేపును మర తిరిగే దిశలోనే చుట్టాలి. వ్యతిరేక దిశలో చుడితే బిగించేటప్పుడు అది పోగులుగా లేచి బయటికి వస్తుంది, ఆ పోగులే లోపం ఉందని చెబుతాయి.

నట్టు బిగింపు అతుకు. వీధి గొట్టం నుంచి ఇంటికి వచ్చే పాలిథిలిన్ గొట్టాలకు దీన్ని వాడతారు. నట్టు లోపల పట్టు వలయం, రబ్బరు వలయం ఉంటాయి. గొట్టం కొసను అడ్డంగా, సమంగా కోసి ఉండాలి. ఏటవాలు కోత వల్ల ఒక పక్క మాత్రమే లోపలికి చేరుతుంది. చొప్పింపు గుర్తు నట్టు అంచుకు చేరిందా, నట్టు వంకర ఎక్కకుండా సూటిగా తిరిగిందా అన్నవి చూస్తారు.

గాడి అతుకు. అగ్నిమాపక గొట్టాల్లోనూ, ఉప్పునీటి శుద్ధి కర్మాగారాల్లోనూ రెండు గొట్టాల కొసల మీద గాడి తీసి, వాటిపై రబ్బరు వలయం తొడిగి, రెండు అర్ధచంద్రాకారపు ఇనుప పెంకులను బోల్టులతో బిగిస్తారు. పెంకుల అంచులు రెండు వైపులా గాడిలో దిగాయా, రబ్బరు పెంకుల మధ్య నలిగి బయటికి పొడుచుకు వచ్చిందా అని చూస్తారు. లోహానికి లోహం తగిలే రకంలో బోల్టుల దగ్గరి సందు రెండు వైపులా పూర్తిగా మూసుకోవాలి. సందు మిగిలే రకమైతే అది రెండు వైపులా సమానంగా ఉండాలి. సముద్రపు నీటిని పొరల గుండా తోసే వ్యవస్థల్లో ఒత్తిడి 60 బార్ల ప్రాంతంలో ఉంటుంది గనుక ఒక్క వదులు బోల్టు కూడా మనుషులకు ప్రమాదకరం.

నొక్కుడు అతుకు. రాగి, స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టాలను ప్రత్యేక యంత్రంతో నొక్కి కలిపే ఈ పద్ధతిలో ప్రధాన ప్రమాదం వరుసలో ఒకదాన్ని నొక్కడం మరిచిపోవడం. నొక్కినచోట పడే ముద్రను ప్రతి అతుకు మీదా వెతకాలి. నొక్కని అతుకు తక్కువ ఒత్తిడిలోనే కారేలా రూపొందించిన రకాలు ఈ లోపాన్ని త్వరగా బయటపెడతాయి.

అంచు పళ్లెపు అతుకు. పంపుల దగ్గర, గేటు వాల్వుల దగ్గర రెండు ఫ్లాంజుల మధ్య ప్యాకింగు పెట్టి బోల్టులు బిగిస్తారు. ఫ్లాంజుల మధ్య దూరం చుట్టూ సమానంగా ఉండాలి, ప్రతి బోల్టు కొస నట్టు దాటి బయటికి కనిపించాలి. బోల్టులను వరుసగా కాక ఎదురెదురుగా విడతలవారీగా బిగించాలి. అలా చేయకపోతే ఒక పక్క ప్యాకింగు నలిగి, మరో పక్క సందు మిగులుతుంది.

వాడుకలో ఉన్న అతుకుల పరిశీలన

బయట ఉన్న గొట్టాలకు తనిఖీ వేసిన రోజుతో ముగియదు. బోరు నీటి లవణాలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో, సన్నగా ఊరే నీరు ఆరిపోయి అతుకు చుట్టూ తెల్లని పెచ్చు కడుతుంది; తడి లేకపోయినా అది లీకుకు సాక్ష్యమే. ఇత్తడి మీద పచ్చని మరక, బోల్టుల కింద ఎర్రని తుప్పు గీత కూడా అలాంటివే. ఉప్పు గాలి వీచే తీర ప్రాంతాల్లో బోల్టులు లోపలి నీటి వల్ల కన్నా బయటి గాలి వల్లే ముందు చెడతాయి. కనిపించిన పెచ్చును గీకి శుభ్రం చేసి, తేదీ రాసి, కొన్నాళ్లకు మళ్లీ చూస్తే లీకు పాతదో, ఇంకా సాగుతోందో తెలుస్తుంది.

తాత్కాలిక అతుకులు

2019 వేసవిలో నగరానికి నీరిచ్చే చెరువులు ఎండిపోయినప్పుడు, జులైలో జోలార్‌పేట నుంచి రైలులో నీరు తెచ్చారు. 50 వ్యాగన్లు, మొత్తం 25 లక్షల లీటర్లతో తొలి రైలు విల్లివాక్కం చేరింది. అక్కడి నుంచి ఆ నీటిని కీల్పాక్ నీటి కేంద్రానికి మళ్లించారు. ఇటువంటి ఏర్పాట్లలో అనేక గొట్టాలను తక్కువ వ్యవధిలో కలిపి, విప్పి, మళ్లీ కలపవలసి వస్తుంది. ప్రతిసారీ వాషరు తన స్థానంలో ఉందా, బిగింపు పూర్తిగా పడిందా అని వాల్వు తెరవకముందే చూడటం ఇక్కడ మరింత అవసరం, ఎందుకంటే మళ్లీ మళ్లీ వాడే వాషరు త్వరగా అరుగుతుంది.

పరిమితులు, నమోదు

దృశ్య తనిఖీ రబ్బరు నాణ్యతను గానీ, గొట్టం లోపలి తుప్పును గానీ, బోల్టు ఎంత బలంతో బిగిసిందో గానీ చెప్పలేదు. వాటికి తయారీ ధ్రువపత్రం, కెమెరా, టార్క్ స్పానరు వంటివి వేరుగా కావాలి. అయితే ఈ తనిఖీకి ఖర్చు స్వల్పం, కాలం కొద్ది నిమిషాలు. దాన్ని వదిలేస్తే తర్వాత రోడ్డు తవ్వాలి, గోడ పగలగొట్టాలి, సరఫరా ఆపాలి. అందుకే ప్రతి అతుకుకూ సంఖ్య ఇచ్చి, ఫోటో తీసి, తనిఖీ చేసినవారి పేరుతో నమోదు చేసి, ఒత్తిడి పరీక్ష పూర్తయ్యే వరకు అతుకులను తెరిచే ఉంచి, ఆ తర్వాతే కందకం పూడ్చడం సరైన పద్ధతి. ఈ క్రమంలో మొదటి బాధ్యత అతుకు వేసిన ప్లంబరుదే అయినా, గీత గీశాడా, గీత ఎక్కడ నిలిచింది అని అడిగి చూడటం ఇంటి యజమాని కూడా నేర్చుకోగల పని, నేర్చుకోవలసిన పని.