జీవకం సాగు: ఆకు పండాకే గడ్డ తవ్వాలి

చ్యవనప్రాశ తయారీకి చరక సంహిత చెప్పిన ద్రవ్యాలలో జీవకం ఒకటి. ఆయుర్వేదం అష్టవర్గంగా పేర్కొన్న ఎనిమిది మూలికలలో జీవకం, ఋషభకం, ఋద్ధి, వృద్ధి అనే నాలుగూ ఆర్కిడ్ జాతి మొక్కలేనని వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించారు. జీవకం శాస్త్రీయ నామం క్రెపిడియం అక్యుమినాటం. పాత గ్రంథాలలో ఇది మలాక్సిస్ అక్యుమినాటా పేరుతో కనిపిస్తుంది.

ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ మొదలుకొని నేపాల్ మీదుగా ఈశాన్య రాష్ట్రాల వరకు, హిమాలయాల మధ్యస్థాయి కొండలలోని సింధూర వృక్షాల నీడన, కుళ్లిన ఆకుల మెత్తని పొరలో ఇది పెరుగుతుంది. పూలకుండీలలో కనిపించే ఆర్కిడ్ల ఆర్భాటం దీనికి లేదు. జానెడు ఎత్తు, నాలుగైదు ఆకులు, ఆకుపచ్చ, ఊదా కలిసిన చిన్న పూలు, అంతే. ఔషధంగా వాడేది కాండం అడుగున ఉబ్బి, పలుచని పొరలు చుట్టుకుని ఉండే గడ్డను. చూడటానికి చిన్న ఉల్లిపాయలా ఉన్నా, ఇది నిజానికి నీటినీ ఆహారాన్నీ దాచుకున్న కాండమే.

చిక్కంతా ఈ గడ్డతోనే. చలికాలంలో మొక్క పైభాగం పూర్తిగా ఎండిపోతుంది. నేలలో మిగిలిన గడ్డ నుంచే వేసవి చివర కొత్త మొలక వస్తుంది. ఆ మొలక అడుగున వర్షాకాలమంతా మరో గడ్డ ఊరుతుంది. అంటే గడ్డను తవ్వడం కాయ కోయడం వంటిది కాదు, మరుసటి ఏటి మొక్కనే తీసుకుపోవడం. పైగా అడవిలో సేకరించేవారికి ఈ మొక్క కనిపించేది ఆకులున్నప్పుడే. అందువల్ల పూత మీద, విత్తనం రాలకముందే పెకలిస్తారు. అప్పటికి గడ్డ పూర్తిగా ఊరదు, విత్తనమూ నేలకు చేరదు. నష్టం రెండువైపులా.

విత్తనం రాలినా మొలకెత్తడం సులువు కాదు. ఒక్కో కాయలో ధూళి వంటి విత్తనాలు వేలల్లో ఉంటాయి గానీ వాటిలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. నేలలోని ఒక రకం శిలీంధ్రం తోడైతేనే మొలక నిలుస్తుంది. అక్కడినుంచి పూతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. ప్రయోగశాలలో పోషక ద్రవ్యంపై విత్తనాలు మొలిపించే పద్ధతులు ఉన్నా, సీసాలోని సుకుమారమైన మొక్కను బయటి గాలికి అలవాటు చేయడం ఓపికతో కూడిన పని.

అందుకే రైతుకు అందుబాటులో ఉన్న దారి గడ్డలను నాటడమే. ఆకుమట్టి బాగా కలిపి, నీరు నిలవకుండా ఎత్తుగా మళ్లు కడతారు. పైన నీడ తప్పనిసరి. గడ్డలను లోతుగా పాతకుండా, మెడ పైకి ఉండేలా నాటాలి. లోతుగా పాతితే కుళ్లిపోతాయి. వర్షాలలో కలుపును చేత్తోనే తీయాలి, వేళ్లు పైపైనే ఉంటాయి కనుక పార దించితే తెగుతాయి. నత్తల బెడద ఉన్నచోట ఉదయపు వేళ ఏరివేయక తప్పదు.

జులై, ఆగస్టులలో పూత వస్తుంది. శరదృతువులో కాయలు పగిలి, ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. తవ్వాల్సింది అప్పుడే. అయితే ఆకు పోయాక మొక్క ఆనవాలు దొరకదు. కాబట్టి ఆకులుండగానే ప్రతి మొక్క పక్కన ఒక పుల్ల గుచ్చుకోవడం మంచిది. పెద్ద గడ్డలను అమ్మకానికి తీసి, చిన్నవాటినీ పాత గడ్డలనూ తిరిగి మట్టిలో పెట్టాలి. ఈ రెండో పని మానేస్తే వచ్చే ఏడాది నాట్లకు రైతు మళ్లీ అడవి మీద పడవలసిందే. తీసిన గడ్డలను కడిగి నీడన ఆరబెడతారు.

మూలం రుజువు చేసుకోవడం కూడా సాగులో భాగమే. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం పరిధిలో ఉంది. అడవి నుంచి తీసిన సరుకు ఎగుమతిపై మన దేశంలోనూ కఠిన ఆంక్షలు ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా గోపేశ్వర్ సమీపాన మండల్‌లో ఉన్న మూలికా పరిశోధన, అభివృద్ధి సంస్థ ఔషధ మొక్కల రైతులను నమోదు చేస్తుంది. పొలంలో పండిన గడ్డకూ అడవి గడ్డకూ కంటికి తేడా తెలియదు కనుక ఈ కాగితానికి విలువ ఉంది.

ఈ కొరత కొత్తది కాదు. అష్టవర్గం రాజులకే దుర్లభమని 16వ శతాబ్దపు భావప్రకాశం అప్పుడే చెప్పి, ప్రత్యామ్నాయాలను సూచించింది. జీవక, ఋషభకాలకు బదులు విదారి, అంటే మన నేలగుమ్మడి. కాకోలి, క్షీరకాకోలులకు బదులు అశ్వగంధ. రాయలసీమ మెట్ట పొలాలలో ఒక్క పంటకాలంలోనే చేతికొచ్చే అశ్వగంధ వేరు, హిమాలయ మూలిక స్థానంలో ఔషధాలలో చేరుతున్నది ఈ శాస్త్రసమ్మతితోనే. డబ్బా మీది పదార్థాల పట్టికను చదివితే, లోపల ఉన్నది ఏదో కొనేవారికి తెలుస్తుంది.